తొమ్మిది పాయింట్ ఏడు

ఆసుపత్రి మూడో అంతస్తులో స్కానింగు గదులు నాలుగు. ఒక్కదానికీ కిటికీ లేదు. వాటిలో రెండో గదిలో పదహారేళ్లుగా గర్భిణులకు స్కాన్ చేస్తున్న మనిషిని డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరూ కొలతలక్క అనే పిలిచేవారు. బిడ్డ తల చుట్టుకొలతైనా, తొడ ఎముక పొడవైనా ఒక్కసారి కొలిచి ఊరుకునే రకం కాదామె. మూడుసార్లు కొలిచి, మూడూ దగ్గరదగ్గరగా వస్తేనే రిపోర్టులో ఎక్కించేది.

"టీలో పంచదార కూడా మూడుసార్లు కొలిచి వేసుకుంటుందమ్మా ఈవిడ" అని నర్సులు ఆటపట్టిస్తే, "అందుకే నా టీ తాగబుద్ధేస్తుంది, మీది పారబొయ్యబుద్ధేస్తుంది" అని నవ్వేసేది.

తలలు చూడటంలో ఆమెను మించినవాళ్లు ఆ అంతస్తులో లేరు. ఇరవయ్యో వారానికి కడుపులో బిడ్డ తల కోడిగుడ్డు కంటే ఓ పిసరు పెద్దగా ఉంటుంది. బొగ్గు మీద పాలు ఒలికినట్టుండే ఆ నలుపూ తెలుపుల బొమ్మలో మామూలు కంటికి ఏమీ ఆనదు. ఆమెకు మాత్రం అంతా అచ్చువేసిన పుస్తకంలా కనిపించేది. నడిమధ్యన ఒక గీత. గీతకు ముందువైపు చిన్న డబ్బాలాంటి ఖాళీ. వెనకవైపు డంబెల్ ఆకారంలో చిన్న మెదడు. అటూ ఇటూ నీటి గదులు. డబ్బా కనిపించకపోతే మెదడు రెండు సగాలూ సరిగ్గా విడివడలేదేమోనని చూడాలి. చిన్న మెదడు అరటిపండులా వంగినా, నుదురు రెండు పక్కలా నొక్కుకుపోయి తల నిమ్మకాయలా కనిపించినా వెంటనే వెన్నెముక మీదికి వెళ్లాలి. ఇక నీటి గది వెడల్పు పది మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పది దాటితే అనుమానం. పదిహేను దాటితే తలలో నీళ్లు చేరినట్టే, ఇక అనుమానం అక్కర్లేదు.

ఆమె తీసిన బొమ్మలు చూసి రిపోర్టు మీద సంతకం పెట్టేది పెద్ద డాక్టరు. ముప్పై అయిదేళ్లు ఆ చీకటి గదుల్లోనే గడిపాడని ఆయనకు వెనకాల చీకటి తాత అని పేరు. కొత్తవాళ్ల రిపోర్టులు కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ అరగంట చూసేవాడు. కొలతలక్క రిపోర్టు వస్తే మాత్రం, "నువ్వు చూశావుగా అమ్మా" అని సంతకం గీకేసేవాడు.

ఆ గదుల్లో రాయకుండా పాటించే నియమం ఒకటుంది. ఇంటివాళ్లను మనం చూడకూడదు. ఒకప్పుడు చీకటి తాతే చెప్పాడు. "మనవాళ్ల మీద ప్రోబ్ పెడితే కన్ను చూడదమ్మా, కడుపు చూస్తుంది." పదహారేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారే దాటింది.

దాటింది చెల్లెలి కోసం. తల్లి పోయేనాటికి ఈమెకు పదిహేనేళ్లు, చెల్లెలికి నాలుగు. తండ్రి అచ్చాఫీసులో షిఫ్టుల మనిషి. చెల్లెలికి జడ వేసిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, మొదటిసారి పావడా మీద మరక పడి ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందీ అక్కే. తనకు పెళ్లీడు ఎప్పుడొచ్చి ఎప్పుడు దాటిందో చూసుకునే తీరిక లేకపోయింది. రోజంతా కిచకిచలాడుతుందని చెల్లెల్ని తండ్రి పిచ్చిక అనేవాడు. తండ్రి పోయాక ఆ పేరుతో పిలవడానికి అక్క ఒక్కతే మిగిలింది. పెద్దయ్యాక పిచ్చిక కళ్లద్దాల కొట్టులో పనికి కుదిరింది. లిఫ్టులు బాగుచేసే ఒక నెమ్మదైన మనిషిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది.

మొదటి కడుపు తొమ్మిదో వారంలో పోయింది. రెండోది పదకొండో వారంలో. రెండుసార్లూ ఎవరో తెలియని మనుషులు స్కాన్ చేశారు. రెండుసార్లూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా నోరు మూసుకుని తెరను అటు తిప్పేసుకున్నారు.

అందుకే మూడోసారి ఇరవయ్యో వారం వచ్చేసరికి పిచ్చిక పట్టుబట్టింది.

"నువ్వే చెయ్యాలక్కా. ఎవరో ఒకరు నోరు మూసుకుని తెర వంక చూస్తుంటే నా ప్రాణం అక్కడే పోతుంది. నీ మొహమైతే నాకు తెలుసు."

"రూలు ఒప్పుకోదే."

"నన్ను పెంచడానికి ఏ రూలు చూశావు నువ్వు?"

బుధవారం పొద్దున, మొదటి పేషెంటు రాకముందే, చెల్లెల్ని రెండో గదిలో పడుకోబెట్టింది.

జెల్లు చల్లగా తగిలేసరికి పిచ్చిక ఒళ్లు జలదరించి, "ఇన్నేళ్లలో దీన్ని కాస్త వెచ్చబెట్టడం ఎవరికీ తోచలేదా?" అని గొణిగింది. మరిది తలుపు పక్కన స్టూలు మీద టోపీ చేత్తో పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. గుండె చూసింది, నాలుగు గదులూ టకటకా ఆడుతున్నాయి. వెన్నెముక ముత్యాల వరసలా తిన్నగా ఉంది. మూత్రపిండాలు, పొట్ట, కాళ్లు, చేతులు, అన్నీ బాగున్నాయి. "చూడు, బొటనవేలు నోట్లో పెట్టుకుంటున్నాడు, నీలాగే తిండిపోతు" అంది. పిచ్చిక పగలబడి నవ్వితే తెర మీది బొమ్మంతా అదిరింది.

ఆ తర్వాత తల దగ్గరికి వచ్చింది.

డబ్బా ఉంది. చిన్న మెదడు ఉండాల్సినట్టే ఉంది. నీటి గది దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది. లోపల ఆ గది నిండుగా ఉండాల్సిన, నీళ్లు ఊరించే తెల్లటి గుత్తి గోడను వదిలి ఓ పక్కకు ఒరిగి ఉంది. కొద్దిగానే. ఇంకొకరైతే గమనించరు. రెండు గుర్తులు గోడ నుంచి గోడకు పెట్టి కొలిచింది. పది పాయింట్ నాలుగు.

"బిడ్డ కదిలాడు" అనుకుంది మనసులో. తలను అడ్డంగా కోసినట్టు తెర మీద పడే బొమ్మే కోత. అది ఏటవాలుగా పడితే కొలత ఎక్కువ చూపిస్తుంది, అది నిజమే. పొట్ట మీద ఆనించిన ప్రోబు సరిచేసుకుని, నడిమి గీత తిన్నగా వచ్చేదాకా ఆగి మళ్లీ కొలిచింది. పది పాయింట్ రెండు. ఈసారి కోత తిన్నగానే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఏంటక్కా, ఆగిపోయావు?" అంది పిచ్చిక.

తలెత్తి చూసింది. చెల్లెలి కళ్లు తెర మీద లేవు, తన మొహం మీద ఉన్నాయి. నాలుగేళ్లప్పుడు తల్లి మంచం పక్కన నిలబడి, అమ్మ లేస్తుందా అని తన మొహంలో వెతికిన కళ్లే అవి.

"ఆగలేదే. వీడు కుదురుగా ఉంటేగా! తండ్రి లిఫ్టులా పైకీ కిందికీ తిరుగుతున్నాడు."

మరిది ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు చాటున ఆమె మూడోసారి గుర్తులు పెట్టింది. గోడల మీద కాదు, వెంట్రుకవాసి లోపలికి. తొమ్మిది పాయింట్ ఏడు.

మూడిట్లో చిన్నది రిపోర్టులో రాసింది. కింద 'మామూలుగా ఉంది' అని రాసింది. మధ్యాహ్నం చీకటి తాత, "చెల్లెలిదా? అంతా బావుందిగా?" అని అడిగి, బొమ్మలు తెరవకుండానే సంతకం పెట్టాడు.

పది పాయింట్ రెండు అని రాసి ఉంటే ఏమయ్యేది? పెద్దగా ఏమీ కాదు. రెండు వారాల్లో మళ్లీ రమ్మని రాసేవారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది మామూలు కొలతలతో ఇంటికి వెళ్లడం ఆమె ఎన్నోసార్లు చూసింది. "ఆ రెండు వారాలు ఇది నిద్రాహారాలు మానేసి చస్తుంది. ఊరికే ఎందుకు ఏడిపించడం?" అని తనకు తాను సర్దిచెప్పుకుంది. మనసుకు సర్దిచెప్పుకోవాల్సి వచ్చిందంటేనే అక్కడ ఏదో తప్పు జరిగిందన్నమాట. అది తెలియనంత అమాయకురాలేమీ కాదు.

ఇరవై మూడో వారంలో ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"ఓసారి రావే, మా గదిలో కొత్త మిషన్ పెట్టారు. బిడ్డ మొహం స్పష్టంగా కనిపిస్తుంది."

"ఎందుకక్కా? ఏమైనా ఉందా?"

తప్పు దిద్దుకోవడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. 'అనుమానంగా ఉంది, ఒకసారి చూద్దాం' అంటే సరిపోయేది. అక్కడి చట్టం ప్రకారం ఇరవై నాలుగో వారం దాకా కడుపు ఉంచుకోవడమా తీయించుకోవడమా అన్నది తల్లి తేల్చుకోవచ్చు. ఇంకా వారం ఉంది. కానీ అలా అంటే, మరి అప్పుడెందుకు చెప్పలేదని చెల్లెలు అడుగుతుంది.

"ఏం లేదే. సరదాగా."

"అయితే వద్దులే. కొట్టులో సెలవులు అయిపోయాయి. కాన్పుకి దాచుకోవాలి."

"సరే" అని ఫోన్ పెట్టేసింది. మొదటి అబద్ధం ప్రేమకొద్దీ ఆడాననుకోవచ్చు. రెండోది భయంతో ఆడింది. ఆ భయం చెల్లెలి కోసం కూడా కాదు.

ముప్పై ఒకటో వారంలో కాన్పుల డాక్టరమ్మ పిచ్చిక పొట్ట మీద టేపు వేసి, వారాలకు మించి ఉందని స్కానింగుకు పంపింది. ఈసారి మూడో గది. కొలతలక్క రెండో గదిలో ఎవరిదో కవలల స్కాన్ మధ్యలో ఉంది. పక్క గదిలో పనిచేసే అమ్మాయి వచ్చి తలుపు తట్టింది. ఆ అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఒక్కసారి వస్తారా?"

వెళ్లింది. తెర చూసింది. కొలవాల్సిన పనే లేదు. తలకు అటూ ఇటూ రెండు నల్లటి మడుగులు. తెల్లటి గుత్తులు వాటిలో తాడు తెగబోయే బొక్కెనల్లా వేలాడుతున్నాయి. పుర్రె ఎముకను ఆనుకుని గోరంత మందాన ఓ బూడిదరంగు పొర. ఆ పొరే మెదడు.

"అక్కా" అంది పిచ్చిక. "నీ మొహం."

తెర అటు తిప్పేసుకునే వాళ్లను చెల్లెలు ఎంతగా అసహ్యించుకునేదో ఆమెకు తెలుసు. కనీసం తెర తిప్పలేదు. అంతకుమించి ఏమీ చెయ్యలేక అలాగే నిలబడింది.

చీకటి తాత తన గదిలో ఆలుమగల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. కొలతలక్క గోడకు ఆనుకుని నిలబడింది.

"మెదడులో రోజూ నీళ్లు ఊరుతుంటాయమ్మా. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పారి బయటికి పోవాలి. మీ బిడ్డకు మూడో గదికీ నాలుగో గదికీ మధ్య ఉన్న సన్నటి దారి పూడిపోయింది. వెనక్కి నిలిచిన నీళ్లు గదుల్ని ఉబ్బించేశాయి. మెదడును అంచులకు నొక్కేశాయి."

మరిది కాగితం మీదికి వంగాడు. పని మీదనుంచి అలాగే పరుగెత్తుకొచ్చాడేమో, గోళ్లకు గ్రీజు ఇంకా అంటుకునే ఉంది. "పైపు బ్లాకైందంటున్నారు. క్లియర్ చెయ్యలేరా సార్?"

"పుట్టాక తలలోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేస్తారు నాయనా. నీళ్లు దిగుతాయి. కానీ నలిగిపోయిన మెదడు వెనక్కి రాదు. చూపు, నడక, మాట, ఆఖరికి మింగడం కూడా, ఏది వస్తుందో ఏది రాదో చెప్పలేం. ఏదీ రాకపోవచ్చు."

"ఇరవయ్యో వారంలో ఇది లేదా?" అంది పిచ్చిక. ఆ గొంతులో ఏడుపు లేదు. కొట్టులో గిరాకీదారుణ్ణి కళ్లద్దాల నంబరు అడిగినట్టు అడిగింది.

"అప్పటి రిపోర్టు మామూలుగానే ఉందమ్మా. కొందరికి ఆ తర్వాతే మొదలవుతుంది."

పిచ్చిక తల తిప్పి అక్క వంక చూసింది. అక్క నేల చూపులు చూసింది.

వాళ్లు వెళ్లాక చీకటి తాత పాత బొమ్మలు తెరిచాడు. మిషన్ దేన్నీ మరిచిపోదు. మూడు కొలతలూ వరుసగా ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"రెండోదే సరైన కోత. మూడోదాంట్లో గుర్తులు గోడల మీద లేవు."

"అవునండీ."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను."

ముసలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను చూడకుండా సంతకం పెట్టాను. తప్పు నాదీ ఉంది, అది నేను పైవాళ్లకు రాస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకో. మీ చెల్లెలికీ మరిదికీ నేను చెప్పనా?"

"వద్దండీ. నేనే చెబుతాను."

మర్నాడు పొద్దున వెళ్లింది. పిచ్చిక వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. రొట్టెలు ముక్కలు చేసి పళ్లెం నిండా పోసిందే గానీ ఒక్క ముక్క నోట పెట్టినట్టు లేదు. మరిది పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు. కొలతలక్క కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. పది పాయింట్ నాలుగు, పది పాయింట్ రెండు, తొమ్మిది పాయింట్ ఏడు. ఇరవై మూడో వారంలో చేసిన ఫోన్ ఎందుకో కూడా చెప్పింది. చెబుతుండగా టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. మరిది దాని వంక చూస్తూ నిలబడ్డాడే గానీ పొయ్యి కట్టెయ్యలేదు. గ్యాసు వాసనకు పిచ్చికే లేచి కట్టేసి వచ్చి కూర్చుంది.

"నిజం రాసుంటే ఏమయ్యేది?"

"రెండు వారాల్లో మళ్లీ పిలిచేవాళ్లం. అప్పటికి పెరిగి ఉండేది. గడువు లోపలే తెలిసేది."

"తెలిస్తే నేనేం చేసేదాన్ని?"

"నాకు తెలీదే."

"నాకూ తెలీదు. ఉంచుకునేదాన్నేమో. వద్దనుకునేదాన్నేమో. ఇంక ఎప్పటికీ తెలీదు." పిచ్చిక రొట్టె ముక్కల్ని వేలితో కూడదీసి కుప్ప పెట్టింది. "మా కొట్టులో అర మిల్లీమీటరు తేడా వస్తే అద్దం వెనక్కి పంపించేస్తామక్కా. పెట్టుకున్నవాళ్లకు తలనొప్పి వస్తుందని. తలనొప్పి."

"నిన్ను ఏడిపించడం ఇష్టంలేక…"

"నన్ను అడగాల్సిన మాట నువ్వే అడిగేసుకుని, నువ్వే జవాబు చెప్పేసుకున్నావు. నేనింకా నాలుగేళ్లదాన్నే నీకు."

మరిది తలుపు తీసి పట్టుకున్నాడు. "వెళ్లండి వదినా" అన్నాడు మెల్లగా. కోపం కంటే ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆసుపత్రివాళ్లు విచారణ పెట్టారు. అది తేలేదాకా ఆమెను గర్భిణుల గది నుంచి తప్పించి నాలుగో గదికి మార్చారు. ఇప్పుడు చూడాల్సింది వాచిన కాళ్లు, పిత్తాశయంలో రాళ్లు. కొలతలక్క అని పిలవడం అందరూ మానేశారు. ఎవరూ చెప్పి మానలేదు. పిలవబోయి ఆగిపోయేవారు.

ముప్పై ఏడో వారంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. తల నలభై మూడు సెంటీమీటర్లు. నుదురు ముందుకు ఉబికి, కనుపాపలు సగం కింది రెప్పల్లో మునిగి, అస్తమించే సూర్యుళ్లలా ఉన్నాయి. చెవులు మాత్రం ముద్దొచ్చేలా ఉన్నాయని పసిపిల్లల వార్డు నర్సు నాలుగో గదికి వచ్చి కొలతలక్కతో చెప్పింది. అలాంటి కబురు ఎవరైనా మోసుకొస్తే బాగుండునని ఆమె రెండు రోజులుగా తలుపు వంక చూస్తూనే ఉంది.

మూడో రోజు చీకటి తాత స్వయంగా నాలుగో గదికి వచ్చాడు.

"గొట్టం వెయ్యడానికి ముందు పిల్లాడి తల స్కాన్ చెయ్యాలమ్మా. మీ చెల్లెలు నువ్వే చెయ్యాలంటోంది. నేను పక్కనే ఉంటాను."

పసిపిల్లల వార్డులో గాజుపెట్టె పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది పిచ్చిక. వయసు ఒక్కసారిగా పాతికేళ్లు పెరిగినట్టుంది. అక్కను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఉన్నది ఉన్నట్టు పైకి చెబుతూ చెయ్యి" అంది. "ఏదీ దాచకు."

పసివాడి నడినెత్తి ఉబికి, మెత్తగా ఉంది. దాని మీద వెచ్చబెట్టిన జెల్లు రాసి, చిన్న ప్రోబు ఆనించింది. పదహారేళ్లలో ఎన్ని వేల తలలు చూసిందో! ఇప్పుడు ముందుగా తెరను చెల్లెలి వైపు తిప్పింది.

"ఇది కుడి గది. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. ఇది ఎడమది, ముప్పై మూడు. మూడో గది కూడా ఉబ్బింది. నాలుగోది చిన్నగానే ఉంది, దారి మూసుకుపోయింది ఈ రెండింటి మధ్యే. ఇదీ మెదడు. ముందువైపు నాలుగు మిల్లీమీటర్లు. వెనకవైపు రెండు."

"రెండా?"

"రెండే."

"ఇంకోసారి కొలువు."

కొలిచింది. "రెండే."

పిచ్చిక గాజుపెట్టెలోకి చెయ్యి పెట్టి బిడ్డ అరచేతిలో వేలు ఉంచింది. ఆ చిన్న వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని గట్టిగా పట్టుకున్నాయి. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో ఏదో కదిలింది.

"చూడక్కా. వేలు పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఎప్పుడు పెట్టినా పట్టుకుంటున్నాడు. అంటే నేనని తెలుస్తున్నట్టేగా?"

చీకటి తాత నేల వంక చూశాడు. ఏదీ దాచకు అన్నది చెల్లెలే. ఇంకోసారి అబద్ధమాడితే ఈ జన్మకు ఇక మొహం చూపించలేదు.

"పుట్టిన పిల్లలందరూ పట్టుకుంటారే" అంది. "వెన్నుపాములోంచే వస్తుందది. దానికి పెద్ద మెదడు అక్కర్లేదు."

పిచ్చిక వేలు వెనక్కి తీసుకోలేదు. బిడ్డను చూస్తూనే అంది.

"ఈ ఒక్కదానికైనా అబద్ధం చెప్పుండాల్సింది."

ప్రోబు తుడిచి, తీగ చుట్టి పెట్టి, కొలతలక్క బయటికి నడిచింది.

గొట్టం వేశారు. నీళ్లు దిగాయి, తల కాస్త చిక్కింది. బిడ్డ పాలు మింగలేదు, వెలుతురుకు కళ్లు తిప్పలేదు. ఇరవై రెండో రోజున జ్వరం పట్టుకుంది. గొట్టం వెంట చీము చేరిందన్నారు. ఇరవై ఆరో రోజు పొద్దున, తల్లి కొట్టుకు ఫోన్ చేసి సెలవు పొడిగించమని అడుగుతుండగా, తండ్రి చేతుల్లో పోయాడు. పేరు ఇంకా పెట్టలేదు. మరణ పత్రంలో 'బాబు' అని రాశారు.

ఆ రోజు రాత్రి కొలతలక్క చెల్లెలి ఇంటికి వెళ్లింది. లోపల లైటు ఉంది, మాటలు వినపడుతున్నాయి. తలుపు తట్టింది. మాటలు ఆగాయి. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. మళ్లీ తట్టే ధైర్యం చాలక మెట్లు దిగింది. తర్వాత రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆమెకు కాళ్ల మీద పడటానికైనా ఏమీ మిగల్లేదు. ఉన్నది ఆ ఒక్క చెల్లెలే.

విచారణ తేలింది. ఇక ఎన్నటికీ గర్భిణుల స్కాన్ చెయ్యకూడదన్నారు. ఉద్యోగం మాత్రం ఉంచారు. చీకటి తాత తన వంతు తప్పు ఒప్పుకుని, గడువుకు ఏడాది ముందే పదవీ విరమణ చేశాడు. వెళ్లే రోజున నాలుగో గదికి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఎనిమిది నెలలయ్యాక ఒక మధ్యాహ్నం ఆసుపత్రి లిఫ్టు ఆగిపోయింది. కింది అంతస్తులో తలుపులు తెరిచి, గుంతలో నిలబడి పనిచేస్తున్న మనిషి తలెత్తాడు. మరిది. గడ్డం నెరిసింది.

"బావున్నారా వదినా?"

"అదెలా ఉంది?"

"కొట్టుకు వెళ్తోంది. తింటోంది. పడుకుంటోంది." పానా చేతులు మార్చుకున్నాడు. "మేము ఇల్లు మారుతున్నాం. బాబు కోసం సర్దిన ఆ గదిలో ఉండలేకపోతోంది."

"ఎక్కడికి?"

ఆయన పానాను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చెప్పొద్దని పిచ్చిక మాట తీసుకుందని ఆ మొహమే చెప్పింది.

"నా సంగతి ఎప్పుడైనా అడుగుతుందా?"

"లేదు వదినా. నేను మీ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతుంది. తిట్టదు. తిడితే బాగుండును." కిందికి చూసి, మళ్లీ పైకి చూశాడు. "మీరేదైనా చెప్పమంటే చెబుతాను."

ఆమె ఆలోచించింది. చెప్పాల్సినవి ఎనిమిది నెలలుగా పోగుపడి ఉన్నాయి. తీరా చూస్తే వాటిలో చెల్లెలికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు.

"ఏం లేదు" అంది.

మరిది తల ఊపి గుంతలోకి వంగాడు. ఆమె మెట్ల వైపు నడిచింది. మూడో అంతస్తు వరండాలో కాళ్లు వాచిన ముసలివాళ్లు నలుగురు బెంచీ మీద వరసగా కూర్చుని, తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్నారు. నాలుగో గది తాళం తీసి, మొదటి మనిషిని లోపలికి రమ్మంది.